ఆరడుగుల నీడ

1941 మార్చి 16, ఆదివారం

తిరుపతి నుంచి సాయంత్రం బండికి ఊరు చేరాను. రేణిగుంటలో బండిని గంటసేపు నిలబెట్టారు. అయ్యంగారి పుస్తకం అక్కడే ముప్పై పేజీలు అయింది.

లావు పుస్తకం. ఇంగ్లీషు. అట్ట లేదు, మొదటి పేజీలూ లేవు. మనిషి స్వభావం ఎలాంటిదని ఏయే దేశాల పెద్దలు ఏయే కాలాల్లో ఏమనుకున్నారో అంతా ఒకచోట కుట్టి పెట్టారు. కొండమీద ముప్పై ఏళ్ళు గుమాస్తాగా ఉండి దిగిన మనిషికి ఇదెందుకో... అడిగితే నవ్వాడు. "దర్శనానికి తోసుకునేవాళ్ళను ముప్పై ఏళ్ళు చూశానయ్యా అయివారూ. నాకు తోచిందే వీళ్ళకూ తోచిందా అని."

ఏప్రిల్ ఆఖరులోగా తిరిగి ఇవ్వాలి.

మార్చి 18

ఒక పద్ధతి పెట్టుకున్నాను. ఒక్కో పెద్దమనిషి చెప్పినదాని సారం ఈ డైరీ వెనక పేజీలో ఒక్క వాక్యంగా రాయడం. పక్కన ఊళ్ళో దానికి సరిపోయే మనిషి పేరు. పేరు దొరక్కపోతే ఆ సిద్ధాంతాన్ని వదిలేయడం. ఊళ్ళో నిలవనిది లోకంలో నిలవదు.

గ్రీకు దేశపువాడు: మంచేదో తెలిసినవాడు చెడు చేయడు — నాయన. మూడేళ్ళయింది పోయి. తెలిసి చెడు చేయగా నేను చూడలేదు.

చీనా దేశంలో ఇద్దరు. మనిషి పుట్టుకతో మంచివాడని ఒకరు — నా భార్య రాజమ్మ. పుట్టుకతో వంకర, కొయ్యను కాచి వంచినట్టు సరిచేయాలని ఇంకొకరు — మూడో తరగతి మొత్తం.

ఇంగ్లీషువాడు: పైన భయం లేకపోతే ఒకణ్ణొకడు బతకనివ్వడు — మునసబు. ఆ నమ్మకంతోనే ఊరు నడుపుతున్నాడు.

ఫ్రెంచివాడు: ఎంత మంచి పని తవ్వి చూసినా అడుగున స్వార్థమే — పేరు తోచలేదు. ఖాళీ వదిలాను.

మార్చి 21, శుక్రవారం

బావి దగ్గర మళ్ళీ రచ్చ. సంగటి ముందు కూర్చుని కూడా అన్నకు అదే మాట. "ఈ పొద్దు గూడా వంతు దాటి తోలినాడురా. నేను ఎద్దుల్ని పట్టుకోని నిలబడే ఉండా. ఇంకొక్క బాన, ఇంకొక్క బాన అంటాడు."

అంటున్నది మునిరత్నాన్ని. చిన్నాయన కొడుకు. పదేళ్ళు రేణిగుంటలో రైలు పట్టాల పని చేసి, చిన్నాయన పోయాక, నిరుడు సేద్యానికి దిగాడు. బావి రెండిళ్ళకూ ఉమ్మడి. పొద్దు పొడిచినప్పటి నుంచి మనిషి నీడ ఆరడుగులకు కురచ అయ్యేదాకా, ఎద్దులతో తోలు బాన లాగి నీళ్ళు తోడే కపిల వాళ్ళది. ఆపైన ఎద్దులు మావి, నీళ్ళు మావి. నీడ చివర రాయి పెట్టుకుని, పాదం వెంట పాదం వేసి కొలుస్తారు. పొట్టివాడికి పొట్టి పాదం, పొడుగువాడికి పొడుగు పాదం, కాబట్టి ఎవరు కొలిచినా లెక్క ఒకటే. తాతల నాటి గడియారం.

దాన్ని కూడా దాటేవాడు ఉంటాడు. నీళ్ళ దగ్గర మనిషి బయటపడతాడు.

ఫ్రెంచివాడి పక్కన మునిరత్నం అని రాశాను. రాయడానికి క్షణం పట్టలేదు.

మార్చి 27

రోమా దేశపువాడు కోపం గురించి. కోపం వచ్చినవాడు తన బుద్ధిని తానే ఇంట్లోంచి వెళ్ళగొట్టుకుంటాడట — అన్న. చక్కగా కుదిరింది.

ఏప్రిల్ 2, బుధవారం

మధ్యాహ్నం మునిరత్నం బడికి వచ్చాడు. లోపలికి రాలేదు. గుమ్మం దగ్గర తువ్వాలు భుజం మార్చుకుంటూ నిలబడ్డాడు.

"సిన్నన్నా, నువ్వన్నా సెప్పు. రాగి పన్నెండు మడులు. సలికాలంలో పన్నెండూ తడిసినాయి. ఇప్పుడు తొమ్మిది తడిసేతలికి పెద్దన్న ఎద్దుల్ని తోలుకోని వస్తాడు. ఆ మూడు మడులూ నా కళ్ళ ముందే ఎండతాండాయి."

ఎండాకాలం, నేల ఎక్కువ తాగుతుంది అన్నాను. నీ ఎద్దులు బక్కచిక్కాయి అన్నాను.

"సలికాలంలోనూ ఎద్దులు అయ్యే గదా."

"నువ్వు రైలు పట్టాల మనిషివి. సేద్యం అలవాటు కావాల."

తువ్వాలు మళ్ళీ భుజం మార్చుకున్నాడు. "పట్టాల కాడైతే ఈలేస్తారు సిన్నన్నా. పని ఆపేదానికీ ఈలే, మొదలుబెట్టేదానికీ ఈలే. ఈడ నీ నీడే నిన్ను దొంగంటాది." వెళ్ళిపోయాడు.

మాట బాగా చెప్తాడు. స్వార్థం ఉన్నచోట మాటకు కొదవుండదు. పుస్తకంలో దాని మీదా ఒక పేజీ ఉంది.

ఏప్రిల్ 6, ఆదివారం

అన్న మునసబు దగ్గరికి పోయి వచ్చాడు. పంచాయతీ 25న. అడిగింది ఇది: వంతు దాటినవాడికి ఇకమీదట రోజు విడిచి రోజే కపిల. వంతు దాటి తోలడం చూసిన సాక్షులున్నారు. వంతుల కాగితం ఉంది.

రాగి వెన్ను తీసే అదను. రోజు విడిచి రోజైతే మూడు మడులు కాదు, పన్నెండూ పోతాయి. మునిరత్నం ఇంట్లో తినేవాళ్ళు ఏడుగురు.

అయినా కట్టుబాటు కట్టుబాటే.

ఏప్రిల్ 9

అన్న: "కాగితం నువ్వు రాసిందే కదరా. పదిమందిలో నిలబడి సదివితే సాలు. వేరే ఏమీ సెప్పబళ్ళా."

నిజమే. పాత వంతుల కాగితానికి చెదలు పడితే నిరుడు శుభ్రంగా ఎత్తి రాసింది నేనే. నా అక్షరం గుండ్రంగా ఉంటుంది.

ఏప్రిల్ 12, శనివారం

మునిరత్నం ఈసారి ఇంటికే వచ్చాడు. అన్న లేని వేళ చూసి.

"ఒక మాట దాచను సిన్నన్నా. రెండు నాళ్ళు కావాలనే ఎక్కువ తోలినా. ఆరడుగులు అయినట్టు సూసే తోలినా."

"ఎందుకు?"

"ఊరికే దొంగ అనిపించుకుంటాండా గదా. ఒకసారి నిజంగా సేస్తే ఎట్టుంటాదో అని."

రాజమ్మ మజ్జిగ ఇచ్చింది. తాగాడు. లోటా బోర్లించి పోయాడు.

ఈ మాట పుస్తకంలో ఎక్కడుందో వెతికాను. దొరకలేదు. అంతా చదవలేదు కాబట్టి లేదనీ చెప్పలేను.

ఏప్రిల్ 15, మంగళవారం

తొమ్మిదింబావు. హాజరు పిలుస్తున్నాను. కిటికీలోంచి బావి కనిపిస్తుంది — అన్న అప్పుడే కపిల కడుతున్నాడు. మునిరత్నం ఎద్దులు పక్కకు తొలగి ఉన్నాయి.

ఇంత పెందలాడేనా?

బడి గడియారం సరిగానే ఉంది. సోమవారం స్టేషను గడియారంతో కలుపుకుని వచ్చాను.

ఇంటికి వచ్చి నిరుటి డైరీ తీశాను. డిసెంబరు 12: "ఇంటర్వెల్ ముగిసి పిల్లల్ని లోపలికి పిలిచేసరికి అన్న కపిల కడుతున్నాడు. చలికి ఎద్దులు మొరాయింపు." ఇంటర్వెల్ ముగిసేది పదీ నలభైకి.

అదే ఆరడుగులు. చలికాలం పదీ నలభై. ఇప్పుడు తొమ్మిదింబావు.

ఏప్రిల్ 16

స్వయంగా కొలిచాను. చెప్పులు విప్పి, బడి ముందర, గడియారం కిటికీలో పెట్టుకుని. తొమ్మిదీ ఇరవైకి నీడ ఆరడుగులు. పదిన్నరకు మూడు.

పిల్లలు నవ్వారు. నవ్వనీ.

తరగతిలో ఏటా చెప్పే పాఠమే ఇది. చలికాలం సూర్యుడు దక్షిణంగా వంగి పోతాడు, నీడలు పొడుగు. ఇప్పుడు నడినెత్తికి వస్తాడు, నీడ తొందరగా కురచవుతుంది. భూగోళం బొమ్మ పట్టుకుని పదకొండేళ్ళుగా చెప్తున్నాను. బొమ్మను బావి దాకా తీసుకుపోలేదు.

ఇప్పుడు పొద్దు అరగంట ముందే పొడుస్తుంది. అది తీసేసినా రోజుకు ముప్పావుగంట పైన మునిరత్నం వంతులోంచి మా వంతులోకి వస్తోంది. మూడు మడుల నీళ్ళు.

దొంగ మునిరత్నం కాదు. నీళ్ళు మా వైపే పారుతున్నాయి.

ఏప్రిల్ 17, గురువారం

రాజమ్మకు చెప్పాను. బియ్యం చెరుగుతూ తల ఎత్తకుండానే అంది —

"ఎండాకాలం మూడడుగులే గదా."

ఎవరన్నారు?

"మామ ఉన్నప్పుడు సంగటి గంప నేనే కదా మోసింది. కపిల కట్టకముందే తినాల ఆయన. సలికాలం ఆరడుగులకు పోవాల, ఎండాకాలం మూడడుగులకు. ఒకసారి ఎండాకాలంలో ముందే పోతే, ఇంకా చిన్నాయన వంతేమ్మా, గంప నీడన పెట్టు అన్నాడు."

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదే?"

"నన్ను ఎవురడిగినారు?"

చేట ఆగలేదు.

ఏప్రిల్ 18

నీడ. రోజంతా ఎక్కడ చూసినా నీడ కొలుస్తున్నాను.

ఏప్రిల్ 20, ఆదివారం

తిరుపతి. పుస్తకం ఏప్రిల్ దాటి ఇంకో వారం ఉంచుకుంటానని చెప్పడానికి పోయాను. అయ్యంగారు అరుగు మీద విస్తళ్ళు కుడుతున్నాడు. బావి సంగతి మొత్తం విన్నాడు. వెనక పేజీ చూపించమన్నాడు. కళ్ళద్దాలు పైకి నెట్టి పేరు పేరునా చదివాడు. అన్న దగ్గర నవ్వాడు. మునసబు దగ్గర ఇంకా నవ్వాడు.

"బాగుందయ్యా అయివారూ. ఊళ్ళో అందరూ ఉన్నారు. నీ పేరు ఎక్కడా కనిపించదేం?"

"నేను చూసేవాణ్ణి కదా స్వామీ."

"ఓహో." ఇంకో ఆకు తీసుకున్నాడు. "వాళ్ళు కూడా అదే అనుకుని ఉంటారు. ఈ పుస్తకంలో వాళ్ళు."

తర్వాత ఎండల గురించి మాట్లాడాడు. నెమ్మదిగా కుట్టాడు, ఒక్క పుల్లా వంకర పోలేదు.

బండిలో పుస్తకం తెరవలేదు.

ఏప్రిల్ 22, మంగళవారం

రాయవలసింది రాస్తాను.

నిరుడు కాగితం ఎత్తి రాసిన రోజు. అన్న పక్కనే కూర్చున్నాడు. పాతది మడతల దగ్గర జల్లెడలా ఉంది. "ఆరడుగుల నీడ వరకు" అన్న మాట తర్వాత చెద తిన్న బొక్క. బొక్క దాటాక అదే వరసలో ఇంకా నాలుగైదు మాటల చోటు. అందులో ఒక్క మాట మిగిలింది. "ఎండలకు".

ఇంకా ఏదో ఉండాదే అన్నాను. అన్న వంగి చూశాడు. "చెద తినింది ఏం రాస్తావు. ఆడికి సాలు" అన్నాడు. నేను ఆపేశాను. పాతది పొయ్యిలో వేశాము.

చదవరాని మాటలను వదిలేశానని ఏడాదిగా అనుకుంటున్నాను. ఆ ఒక్క మాట చదవగలిగేలాగే ఉంది. చదివాను. అడగలేదు. రాయలేదు. అడిగి ఉంటే రాజమ్మ చెప్పేది. చిన్నాయన అప్పటికింకా మంచంలోనే ఉన్నాడు, ఆయనా చెప్పేవాడు.

ఎందుకు అడగలేదు? అప్పుడు తోచిన కారణం: బడికి వేళయింది.

ఏ సిద్ధాంతం కిందికి వస్తుందో నాకు తెలుసు. అది వెనక పేజీలో రాయను. ఇక్కడే ఉండనీ.

ఏప్రిల్ 24, గురువారం

అన్నకు చెప్పాను. పంచాయతీకి ఒక రోజు ముందు చెప్పడమే న్యాయం. గడియారం లెక్క, రాజమ్మ మాట, చెద బొక్క — అన్నీ.

ఎద్దులకు తవుడు కలుపుతున్నాడు. చేయి ఆగింది.

"మూడడుగులని యాడ రాసుండాది, సూపీ."

"నాయన ఉన్నప్పుడు —"

"నాయన లేడు. కాగితం ఉండాది. నువ్వే రాసినావు." మళ్ళీ తవుట్లో చేయి పెట్టి: "నీ బువ్వ యాడ నుంచి వస్తాండాదిరా? ఆ బడి నుంచా?"

లేదు. బడి జీతంతో ఇల్లు గడవదు. సేద్యం చేసేది అన్న, పంట ఉమ్మడిది. ఆ ముప్పావుగంట నీళ్ళతో పండిన వరి నేనూ తిన్నాను.

"నీకు తెలుసా తెలియదా, అది మాత్రం చెప్పన్నా" అన్నాను.

"ఏంది తెలిసేది."

"ఎండాకాలం మూడని."

తవుడు కలుపుతూ పోయాడు. నాయనతో పాటు ఇరవై ఏళ్ళు ఆ బావి మీద ఎద్దులు తోలిన మనిషి. తెలియకుండా ఎలా ఉంటుంది? అయితే నిరుటికి ముందు ఎప్పుడూ తాను కొలవలేదు. నాయన, ఆయన పోయాక చిన్నాయన, కట్టమంటే కట్టాడు, ఆపమంటే ఆపాడు. నిజంగా తెలియకపోవడానికీ అవకాశం ఉంది. మొహం చూసి చెప్పలేకపోయాను. ముప్పై తొమ్మిదేళ్ళుగా చూస్తున్న మొహం.

ఏప్రిల్ 25, శుక్రవారం

పంచాయతీ. మునసబు ఇంటి ముందర పందిట్లో. నలభై మంది దాకా.

మునసబు కాగితం చదవమన్నాడు. చదివాను. చదివి, "ఇందులో ఒక మాట తక్కువ. తక్కువ చేసింది నేను" అన్నాను. గొంతు బాగానే పలికింది. పాఠం చెప్పే గొంతు.

అందర్నీ బయటికి రమ్మన్నాను. తొమ్మిదీ ఇరవై. బడి గడియారం చంకలో పెట్టుకునే పోయాను. మునసబునే కొలవమన్నాను. ఆరు. ఎవరో అన్నారు: "మునసబు నీడ కొలిచినోడు ఈ ఊళ్ళో ఇంతవరకూ లేడప్పా." నవ్వారు. ఆయనా నవ్వాడు. డిసెంబరు పేజీ చదివి వినిపించాను. పదిన్నర దాకా కూర్చుని మళ్ళీ కొలిచాము. మూడు.

ఒక ముసలాయన: "మా బావికి ముందు నుంచీ అంతే గదా. ఎండలకు సగం. మీ ఇండ్లలో తెలియదా?"

తెలియదు అనలేదు నేను. తెలుసు అని కూడా అనలేదు. ఆ మాట అడిగింది అన్నను చూసి.

తాను కావాలని తోలిన రెండు నాళ్ళ సంగతి మునిరత్నం ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. తలుపు దగ్గర నా చేతిలో పెట్టిన మాట అది, పందిట్లోది కాదు.

తీర్పు: ఎండలకు మూడు, చలికాలానికి ఆరు. కాగితం మళ్ళీ రాయాలి. రెండిళ్ళవాళ్ళూ సంతకం పెడితేనే చెల్లుతుంది. పెట్టకపోతే నిరుటి కాగితమే నిలుస్తుంది, అన్న ఫిర్యాదూ నిలుస్తుంది. వచ్చే శుక్రవారం దాకా గడువు.

అన్న అందరికంటే ముందు లేచి పోయాడు. తువ్వాలు మరిచిపోయాడు. నేను తెచ్చాను.

ఏప్రిల్ 26

రాజమ్మ అన్నకూ నాకూ వేరువేరుగా వడ్డిస్తోంది.

ఏప్రిల్ 27, ఆదివారం

తిరుపతి పోలేదు. కాగితం రాశాను. ఈసారి ఒక్కో మాటా పైకి చదువుకుంటూ. రాజమ్మను పిలిచి వినిపించాను. "ఎండలంటే ఎప్పటి నుంచి ఎప్పటి దాకానో గూడా రాయి" అంది. రాశాను.

పుస్తకం సంచిలో పెట్టాను. డైరీ వెనక పేజీలో మునిరత్నం పేరు కొట్టేశాను. మిగతావి కూడా కొట్టేద్దామనిపించింది. కొట్టలేదు. వాళ్ళలో ఎవరూ పూర్తిగా తప్పు చెప్పలేదు. వాళ్ళ మాట పక్కన మనిషి పేరు రాయడం నా తప్పు. బావిని చూసి, పొద్దును చూసి, ఆ తర్వాత కదా రాయవలసింది. ఈ మాట అయ్యంగారికి చెప్తాను. ఆకులు కుడుతూ వింటాడు.

ఏప్రిల్ 28, సోమవారం

మునిరత్నం సంతకం పెట్టాడు. రైలు పనిలో నేర్చుకున్న సంతకం, పొడుగ్గా, పెట్టె కట్టినట్టు. పక్కన అన్న చోటు ఖాళీ.

కాగితం అన్న కొయ్య పెట్టె మీద పెట్టాను. సాయంత్రం చూస్తే పెట్టె మీదే ఉంది, కానీ మడత మారింది.

మధ్యాహ్నం మునిరత్నాన్ని అడిగాను, ఈ పొద్దు ఎన్ని మడులు తడిశాయని. "తొమ్మిదే సిన్నన్నా. పెద్దన్న ఆరడుగులకే వచ్చినాడు. నేను తొలిగినా. కాగితం కాలేదు గదా."

ఏప్రిల్ 29, మంగళవారం

తొమ్మిదీ పది. హాజరు పుస్తకం తెరిచి ఉంది. ఇది దాని మీద పెట్టుకుని రాస్తున్నాను.

అన్న ఎద్దులతో బావి దగ్గరికి వచ్చాడు. మునిరత్నం తోలుతూనే ఉన్నాడు. అన్న చెప్పులు విప్పాడు. రాయి పెట్టాడు. కొలిచాడు.

తొమ్మిదీ ఇరవై. ఆరు అయి ఉండాలి. మునిరత్నం ఎద్దుల్ని ఆపి అన్న వైపు చూస్తున్నాడు. అన్న చేయి ఊపాడు — తొలగమనో, తోలమనో. ఇక్కడికి తెలియలేదు.

కపిల చప్పుడు మళ్ళీ మొదలైంది. ఎవరి ఎద్దులో... మునిరత్నానివే. తెల్లది ఎడమ పక్కన ఉంది.

తొమ్మిదిన్నర దాటింది. అన్న ఎద్దులు గట్టు మీద నిలబడే ఉన్నాయి. అన్న కూర్చోలేదు. ఎవరితోనూ మాట్లాడడం లేదు. ఒకసారి బడి వైపు చూశాడు.

ఇప్పుడు వంగి ఇంకో రాయి పెట్టాడు. మళ్ళీ కొలుస్తున్నాడు, పాదం వెంట పాదం. ఎన్నడుగుల దగ్గర ఆగాడో ఇక్కడి నుంచి కనిపించదు.